ఆకాశవాణి ట్యూన్ కట్టినాయన ఇంకేం రాశాడు? వాల్టర్ కౌఫ్‌మన్ ఆల్బమ్ రివ్యూ

హాయ్ అండీ అందరికీ. రేడియోలో ప్రసారాలు మొదలయ్యే ముందు తంబూరా శ్రుతి మీద వయొలిన్ వచ్చేది చూడండి, ఆకాశవాణి ట్యూన్, ఆ శివరంజని ఛాయలున్న ముక్క, అది కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు కంపోజర్ అని వాట్సాప్‌లో ఈపాటికి అందరికీ వచ్చే ఉంటుంది. సరే, మరి ఆయన మిగతా మ్యూజిక్ ఎవరైనా విన్నారా? వినడానికి మొన్నమొన్నటి దాకా రికార్డింగులే దాదాపు లేవు కదా! 2020లో టొరంటో వాళ్లు, ఏఆర్‌సీ ఆన్సాంబుల్ అనే వాద్యబృందం, చాందోస్ లేబుల్ మీద ఈయన చాంబర్ మ్యూజిక్ (అంటే పెద్ద ఆర్కెస్ట్రా లేకుండా కొద్దిమందే కలిసి వాయించేది) ఆల్బమ్ తెచ్చారు, ఇవాళ దాని గురించే.

మనిషి కథ చిన్నగా చెప్పేస్తా. 1907లో కార్ల్స్‌బాద్‌లో పుట్టాడు, ఇప్పటి చెక్ దేశం. హిట్లర్ వచ్చాక 1934లో బొంబాయి వచ్చేశాడు. వచ్చిన కొన్ని నెలలకే బొంబాయి చాంబర్ మ్యూజిక్ సొసైటీ పెట్టి విల్లింగ్డన్ జింఖానాలో గురువారం గురువారం కచేరీలు, తను పియానో, మెహ్లీ మెహతా వయొలిన్, అదే, పేరున్న ఆర్కెస్ట్రా కండక్టర్ జుబిన్ మెహతా వాళ్ల నాన్నగారు, 1937 మే కల్లా 136 కచేరీలు అయిపోయాయి! ఈయనేమో పక్కన ఆలిండియా రేడియోలో ఉద్యోగం కూడా చేస్తున్నాడు, ఓపిక చూడండి.

ఇప్పుడు అసలు మ్యూజిక్. నేనైతే ఫ్యూజన్ ఏమో అనుకుని కాస్త భయపడుతూనే పెట్టా, అంటే సితార్ ఒక పక్క వయొలిన్ ఒక పక్క అలాంటిది, కానీ కాదండీ, ఇక్కడ మన వాయిద్యం ఒక్కటీ లేదు. స్ట్రింగ్ క్వార్టెట్ నంబర్ 11 వినండి, రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో, అంతే, కానీ చిన్న స్వరాల ముక్కని పట్టుకుని దాన్నే తిప్పి తిప్పి అంటుంటే ఆలాపన విన్న చెవికి ఇది ఎక్కడో తెలిసిందే అనిపిస్తుంది, ఫలానా రాగం అని మాత్రం పేరు పెట్టలేం. అదే నాకు బాగా నచ్చింది, మనల్ని మెప్పించడానికి రాసినట్టు ఉండదు. సొనాటినా (చిన్న సొనాటా, వాయిద్యాల కోసం రాసే రచన) నంబర్ 12 క్లారినెట్, పియానో మీద వాయించారు, హాయిగా ఉంటుంది, కొత్తవాళ్లు దాంతో మొదలెట్టండి. సెప్టెట్ మాత్రం, అంటే ఏడు వాయిద్యాల రచన, మూడు వయొలిన్లు, వయోలా, రెండు చెల్లోలు, పియానో అన్నీ కలిసి కొంచెం గజిబిజి, నాకు ఒకసారికి ఎక్కలేదు.

ఇంత మంచి మ్యూజిక్ ఎందుకు మరుగున పడిందంటే, ఒక ఊళ్లో నిలవనిచ్చారా ఆయన్ని, 1946లో ఇండియా వదిలాక లండన్, కెనడా, విన్నిపెగ్ ఆర్కెస్ట్రా, చివరికి అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ ప్రొఫెసర్. అక్కడ మన కర్ణాటక రాగాల మీద పెద్ద పుస్తకం రాశాడు, 1976లో వచ్చింది, లోకానికి ఆ పండితుడే తెలుసు, కంపోజర్ తెలీదు. రాతప్రతులు ఆ యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉన్నాయి, మన వైపు వయొలిన్ వాయించే వాళ్లెవరైనా ఆ స్కోర్లు తెప్పించి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక కచేరీ పెడితే టికెట్ కొని ముందు వరసలో కూర్చునేది నేనే, సీరియస్‌గా చెప్తున్నా, ఎవరైనా ఉంటే కామెంట్‌లో పలకండి.