మాస్కు ముందా, షాక్ ముందా?

శ్రోతలకు నమస్కారం.

2021 జూన్ 12. కోపెన్‌హాగెన్‌లోని పార్కెన్ స్టేడియంలో డెన్మార్క్, ఫిన్లాండ్ జట్ల మధ్య యూరో కప్ ఫుట్‌బాల్ మ్యాచ్. కరోనా వల్ల ఏడాది వాయిదా పడి జరుగుతున్న టోర్నీ అది. గ్యాలరీలు సగం కూడా నిండలేదు. ఇంకాసేపట్లో విరామం అనగా, డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడు. అతన్ని ఎవరూ ఢీకొట్టలేదు.

జట్టు డాక్టర్ మోర్టెన్ బోసెన్ పరుగున చేరేసరికి ఎరిక్సన్‌కు ఊపిరి ఆడుతోంది, నాడి కూడా అందుతోంది. అంతలోనే గుండె ఆగిపోయింది. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు. యంత్రంతో ఇచ్చిన ఒక్క కరెంటు షాక్‌తో గుండె మళ్లీ కొట్టుకుంది. వైద్యం సాగుతున్నంతసేపూ తోటి ఆటగాళ్లు అతని చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఎరిక్సన్ కోవిడ్ టీకా వల్లే పడిపోయాడని పుకార్లు పుట్టాయి. అతనికి కోవిడ్ రాలేదు, టీకా కూడా వేయలేదు అని అతని క్లబ్ ఇంటర్ మిలాన్ డైరెక్టర్ జుసెప్పె మరోట్టా స్పష్టంగా చెప్పారు.

ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఆ తొలి నిమిషాల గురించి. గుండె ఆగిన మనిషికి సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించే ప్రథమ చికిత్స, అందకపోతే, షాక్ ఇవ్వడంలో జరిగే ఒక్కో నిమిషం ఆలస్యానికి బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. అంటువ్యాధి కాలంలో వైద్య సిబ్బందికి ఇంకో భయం కూడా ఉంటుంది. ఛాతీ నొక్కినా, గొట్టం వేసి ఊపిరి అందించినా రోగి నోటి నుంచి తుంపరలు గాలిలోకి రావచ్చు. పూర్తి రక్షణ దుస్తులు వేసుకోవాలంటే టైమ్ పడుతుంది. మరి ఏది ముందు?

2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం దీనికి దారి చూపింది. ప్రమాదం కన్నా మేలే ఎక్కువని అనిపిస్తే, పూర్తి కిట్ వేసుకునేలోపే షాక్ ఇవ్వడం గురించి వైద్య సిబ్బంది ఆలోచించవచ్చని చెప్పింది. నా దృష్టిలో ఇది సరైన మాట. మైదానం పక్కన కూర్చున్న సిబ్బంది మాస్కు, గ్లౌజులు ముందే వేసుకుని ఉంటే, పరిగెత్తడానికి ఆలోచించాల్సిన పనే లేదు. ఊపిరి అందించే సంచికి వైరస్ ఫిల్టర్ బిగించి సిద్ధంగా ఉంచుకోవాలి. ఆటగాడి దగ్గర అవసరమైనంత మందే ఉండాలి. ఎవరు షాక్ ఇస్తారు, ఎవరు ఛాతీ నొక్కుతారు, స్ట్రెచర్ ఎవరు తెస్తారు అన్నది మ్యాచ్‌కు ముందే తేలిపోవాలి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను చూడటానికి వేరే గది ఉండాలి.

సామాన్యులూ చేయగలిగింది ఉంది. మనిషి స్పృహ తప్పి, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే అంటువ్యాధి రోజుల్లో మన చెవి అతని నోటి దగ్గర పెట్టి వినకూడదు. ఛాతీ లేస్తోందా అన్నది కాస్త దూరం నుంచే చూడాలి. నోటిమీద, ముక్కుమీద పలచని గుడ్డ కప్పి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు గట్టిగా నొక్కుతూ ఉండాలి. నోటితో ఊపిరి ఊదకపోయినా ఫర్వాలేదు. ఏఈడీ, అంటే గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, రాగానే అది చెప్పినట్టు చేయాలి.

మన ఊళ్లలో సంక్రాంతి సెలవుల్లో క్రికెట్ టోర్నీలు పెట్టే కుర్రాళ్లకు ఒక విన్నపం. టాస్ వేసే ముందే ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. 108కి ఎవరు ఫోన్ చేస్తారు, గ్రౌండ్‌కు దారి ఏ గుర్తుతో చెబుతారు, దగ్గర్లో ఏఈడీ ఎక్కడుంది, అంబులెన్స్ లోపలికి రావాల్సిన గేటు తాళంచెవి ఎవరి జేబులో ఉంది?