దొంగ కార్డు అడిగే ప్రశ్న, బ్యాంకు చెప్పే జవాబు

(హనుమకొండలో వర్తకులు, డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వ్యాపార మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఎనుమాముల మార్కెట్ యార్డులో మక్కల బస్తాలు దిగినప్పుడు ఖరీదుదారు ప్రతి బస్తా మూతి విప్పించడు. మొన ఉన్న ఇనుప గొట్టాన్ని బస్తా పక్కన గుచ్చి, అందులోకి జారిన గుప్పెడు గింజలను అరచేతిలో పోసుకొని, ఒకటి పంటి కింద కొరికి, తేమ ఎంతుందో అంచనా వేస్తాడు. కార్డు నంబర్లను దొంగిలించినవాడు, లేదా దొంగల దగ్గర గంపగుత్తగా కొన్నవాడు చేసే పని కూడా ఇదే. అతని చేతిలోని వేల నంబర్లలో గడువు తీరినవి, యజమాని రద్దు చేయించినవి ఎన్నో ఉంటాయి కనుక, అతనికి మొదట డబ్బు కంటే ఒక జవాబు ముఖ్యం: ఈ కార్డు బతికి ఉన్నదా, లేదా? బ్యాంకులో కార్డు ఫిర్యాదుల విభాగంలో పనిచేసిన ఏళ్లలో నాకు అర్థమైనది ఒక్కటే. ఈ జవాబు దొంగకు దక్కకుండా చూడటం మీదనే మిగిలిన రక్షణ అంతా నిలబడి ఉంటుంది.

అన్నిటికన్నా సులభమైన పరీక్షకు బ్యాంకుతో పనే లేదు. కార్డు మీది చివరి అంకె, ముందున్న అంకెలన్నిటి నుంచి లెక్క కట్టి చేర్చిన తనిఖీ అంకె. ఐబీఎంలో పనిచేసిన హన్స్ పీటర్ లూన్ ఈ పద్ధతికి 1954లో పేటెంటు కోరగా 1960లో మంజూరైంది. విద్యార్థుల కోసం నాలుగంకెల ఉదాహరణ చెబుతాను. 5272 అనే సంఖ్యలో కుడి నుంచి ఒకటి విడిచి ఒకటిగా, అంటే 7నూ 5నూ రెట్టింపు చేస్తే 14, 10 వస్తాయి. వాటి అంకెలను కలిపితే 5, 1 అవుతాయి. ముట్టుకోని 2, 2లను కూడా చేర్చితే మొత్తం 10. పదితో నిశ్శేషంగా భాగించబడింది కనుక సంఖ్య సరైనదే. పొరపాటున 5372 అని కొడితే మొత్తం 11 వచ్చి తప్పు బయటపడుతుంది. టైపు తప్పులు పట్టడానికి పుట్టిన ఈ లెక్క దొంగతనాన్ని పట్టలేదు. సరిగా కుదిరిన నంబరు వెనుక నిజంగా ఒక ఖాతా ఉందో లేదో దానికి తెలియదు.

ఆ సంగతి తెలిసినది కార్డు జారీ చేసిన బ్యాంకుకే. మీ దుకాణంలో కార్డు పెట్టగానే ప్రశ్న మీ బ్యాంకుకు, అక్కడి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్కుకు, అక్కడి నుంచి కొనుగోలుదారు బ్యాంకుకు వెళ్లి, అదే దారిలో జవాబు తిరిగి వస్తుంది. జవాబు రెండు అంకెల సంకేతం. 00 అంటే సమ్మతి. 51 అంటే ఖాతాలో సొమ్ము చాలదు. 54 అంటే గడువు తీరింది. 14 అంటే అటువంటి నంబరే లేదు. 43 అంటే దొంగిలించిన కార్డు. వీటన్నిటిలో వర్తకులను విసిగించేది 05, అంటే కారణం చెప్పకుండా ‘అంగీకరించవద్దు’ అనడం. "కారణం చెబితే ఏం పోయింది సార్?" అని స్టేషన్ రోడ్డులోని వ్యాపారులు నన్ను ఎన్నిసార్లు నిలదీశారో లెక్కలేదు. సొమ్ము చాలదని చెప్పినా అది దొంగకు పనికివచ్చే సమాచారమే. కార్డు బతికే ఉన్నదని, జీతం పడే రోజు దాకా ఆగితే చాలునని దాని అర్థం. అందువల్ల అనుమానం కలిగిన చోట బ్యాంకు నోరు మెదపదు.

మరి అనుమానం ఎలా కలుగుతుంది? ఒక్క చెల్లింపును చూస్తే కలగదు. ఒకే సైటు నుంచి కొద్ది నిమిషాల్లో వందల కార్డులతో ఒకే చిన్న మొత్తానికి ప్రయత్నాలు జరిగి, వాటిలో చాలావరకు విఫలమైతే, అది కొనుగోలు కాదని, ఎవరో దొంగ కార్డులను పరీక్షిస్తున్నారని బ్యాంకు యంత్రానికి అర్థమవుతుంది. విరాళాలు స్వీకరించే సంస్థల సైట్లు ఇందుకు ఎక్కువగా బలవుతాయి. ఎంత చిన్న మొత్తమైనా తీసుకుంటాయి, సరుకు పంపే చిరునామా అడగవు. మీలో ఆన్‌లైన్ దుకాణం నడిపేవారు ఉంటే, విఫలమైన చెల్లింపుల సంఖ్యను అమ్మకాలంత శ్రద్ధగా చూడండి. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒక లోపాన్ని బయటపెట్టారు: ప్రతి సైటూ తన దగ్గర జరిగిన తప్పు ప్రయత్నాలనే లెక్కపెడుతున్నందున, వాటిని అనేక సైట్లకు పంచితే ఎవరి లెక్కకూ అందడం లేదు. వారి పరీక్షల్లో మాస్టర్‌కార్డ్ నెట్‌వర్కు ఆ పంపకాన్ని పసిగట్టగా, వీసా నెట్‌వర్కు అప్పటికి పసిగట్టలేకపోయింది.

మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు రెండో ధ్రువీకరణను రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. మనకు ఎక్కువగా ఓటీపీ రూపంలో కనిపించేది అదే. కార్డు మీద ఉన్న వివరాలన్నీ దొంగ చేతిలో పడినా, ఇక్కడి సైట్లలో అవి చాలవు. అయితే చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు కనుక పరీక్ష అటు తరలింది. దానికి విరుగుడుగా 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులను దేశంలోని ఏటీఎంలకు, దుకాణాలకు మాత్రమే పనిచేసేలా ఇస్తున్నారు. విదేశీ వాడకాన్ని, ఆన్‌లైన్ వాడకాన్ని మనమే తెరుచుకోవాలి. ఒకసారి తెరిచి మరిచిపోయేవారే నాకు ఎక్కువగా కనిపించారు, నాతో సహా.

యంత్రం తప్పులు కూడా చేస్తుంది. మా రెండో అమ్మాయి పెళ్లికి వరంగల్ చౌరస్తాలో పట్టుచీరలు కొన్నాము. కౌంటరు అబ్బాయి రెండుసార్లు కార్డు పెట్టి, బయటకు వచ్చిన కాగితం ముక్కను చూసి, గొంతు తగ్గించి, "డిక్లైన్ అంటుంది సార్, ఇంకో కార్డు ఉన్నదా?" అన్నాడు. పక్కనే మా వియ్యపురాలు చీర అంచును పరీక్షగా చూడటం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి పెట్రోలు, మందులు తప్ప ఎరుగని కార్డుతో ఆ పూట గంటలోపల బంగారం, పాత్రలు, చీరలు కొనేసరికి, నా బ్యాంకు యంత్రం నన్నే దొంగ అనుకున్నది. ఆ ఉద్యోగం చేసినవాడిని కాబట్టి కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు వీలులేకపోయింది.

అటువంటిది తాత్కాలిక నిలుపుదల. ఫోనులో ధ్రువీకరిస్తే తొలగుతుంది. కార్డు వివరాలు బయటికి పొక్కాయని తేలితే మాత్రం నంబరును శాశ్వతంగా రద్దు చేస్తారు. 2016లో దేశవ్యాప్తంగా సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు ప్రమాదంలో పడ్డాయని తెలిసినప్పుడు, బ్యాంకులు లక్షల కార్డులను నిలిపి కొత్తవి పంచవలసి వచ్చింది. రద్దయ్యేది నంబరే, ఖాతా కాదు. 2022 అక్టోబరు నుంచి వర్తకులు మన కార్డు నంబరును తమ దగ్గర దాచుకోకూడదు. దానికి బదులు ఒక్కొక్క వర్తకుని దగ్గర ఒక్కొక్క టోకెన్, అంటే అసలు నంబరుకు మారుగా నిలిచే వేరే సంఖ్య, ఉంటుంది. ఒకరి దగ్గర పోయిన టోకెన్ మరొకరి దగ్గర చెల్లదు.

చివరగా, మోసాన్ని బ్యాంకుకు తెలిపే గడువు సంగతి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా బయట ఎక్కడో జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో తెలిపితే నష్టం మన మీద పడదు. బ్యాంకు నుంచి సందేశం అందిన రోజును ఆ మూడింటిలో లెక్కించరు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే ఖాతా రకాన్ని బట్టి కొంత మనం భరించాలి. బ్యాంకుతో పాటు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు కూడా ఫోను చేయండి.

చీరల దుకాణం తర్వాత చాలాకాలానికి, ఒక రాత్రి మూడు గంటల ప్రాంతంలో నా ఫోనుకు ఎనభై చిల్లర రూపాయలు ఖర్చయినట్లు సందేశం వచ్చింది. పేరెరుగని విదేశీ సైటు. ఉదయం చూసుకొని, మనవడు ఏదో యాప్ తీసుకొని ఉంటాడని వదిలేయబోయి, వాడిని లేపి అడిగాను. "నేను కాదు తాతయ్యా" అన్నాడు. కార్డును ఆపించి పళ్లు తోముకొని వచ్చేసరికి, ఇరవై మూడు వేల రూపాయల చెల్లింపు తిరస్కరించినట్లు రెండో సందేశం వచ్చి ఉంది.