పెద్దయ్యాక వినికిడి వస్తే వాన చప్పుడు ఎలా ఉంటుంది?

[తెర మీద: పొద్దున్నే మామిడి తోట. మాటలు లేవు. కోయిల కూత ఒక్కటే, పది సెకన్లు.]

వాయిస్: నమస్కారం. మీరు ఇప్పుడు విన్నది నూజివీడు దగ్గర ఒక మామిడి తోటలో రికార్డు చేసిన కోయిల కూత. ఇదే కూత కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోచెవిలో ఆపరేషన్ చేసి పెట్టే వినికిడి యంత్రం, పెట్టించుకున్న మనిషికి ఎలా అందవచ్చో చూపించే ఇంకో ముక్క వినండి.

[అదే కూత, కంప్యూటర్‌లో మార్చింది. గరగరమంటూ, లోహం రాసుకున్నట్టు. కూత పైకి లేచే తీరు దాదాపు తెలియదు.]

వాయిస్: రెండోది నమూనా మాత్రమే. పరిశోధకులు వాడే పద్ధతిలోనే తయారుచేశాం గానీ, అందరికీ అచ్చంగా ఇలాగే ఉంటుందనుకోకండి. ఒక్కొక్కరి మెదడు ఒక్కోలా వింటుంది.

ఇంప్లాంట్‌ని మొదటిసారి పనిచేయించే 'స్విచ్ ఆన్' వీడియోలు మీరూ చూసే ఉంటారు. క్లినిక్‌లో ఒకావిడ కూర్చుని ఉంటుంది. ఆడియాలజిస్ట్, అంటే వినికిడి నిపుణులు, కంప్యూటర్‌లో ఏదో నొక్కుతారు. ఆవిడ ఉలిక్కిపడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేస్తుంది. ఆ కన్నీళ్లు నిజమైనవే. అయితే ఆ నిమిషంలో ఏం వినిపించిందని తర్వాత అడగండి. బీప్ బీప్‌మనే మోతలు, రోబో గొంతులు, కార్టూన్ బొమ్మల మాటలు అని చెప్పేవాళ్లే ఎక్కువ. పుట్టుకతోనే వినికిడి లేనివాళ్లకు అది శబ్దమని కూడా వెంటనే అనిపించకపోవచ్చు. తల లోపల ఏదో అదిరినట్టు ఉందంటారు. వీడియో అక్కడితో అయిపోతుంది. వాళ్ల పని అప్పుడే మొదలవుతుంది.

ఆపరేషన్ శబ్దాన్ని లోపలికి పంపుతుంది, అంతవరకే. దాన్ని వానగా, పిట్టగా, గాలిగా మార్చుకోవాల్సింది ఆ మనిషి మెదడు. అందుకు సాయం పట్టాల్సింది పక్కన ఉన్న మనం.

[తెర మీద: లోచెవి బొమ్మ. కాక్లియా మెల్లగా విచ్చుకుంటుంది.]

వాయిస్: ఇది కాక్లియా. నత్తగుల్ల ఆకారంలో రెండున్నర చుట్లు తిరిగిన చిన్న గొట్టం. విప్పి చాపినా మూడున్నర సెంటీమీటర్లకు మించదు. దీని లోపల దాదాపు 15,000 కేశకణాలుంటాయి, శబ్దాన్ని పట్టి నాడికి అందించే కణాలివి. గుల్ల మొదట్లో ఉన్నవి కీచు శబ్దాలకు, లోపల కొసన ఉన్నవి బొంగురు శబ్దాలకు కదులుతాయి. ఈ కణాలు ఒకసారి పోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. పక్షుల్లో పుడతాయి! 1980ల చివర్లో శాస్త్రవేత్తలు ఈ సంగతి కనిపెట్టారు. పిట్టకు చెవిలో కణాలు దెబ్బతింటే కొన్ని వారాల్లో కొత్తవి వస్తాయి. మనకు ఆ వరం లేదు కాబట్టే ఈ యంత్రం అవసరమైంది.

చెవి వెనక ప్రాసెసర్ ఉంటుంది, శబ్దాన్ని సంకేతాలుగా మార్చే పెట్టె, అందులో మైకు. దాన్నుంచి ఒక కాయిల్ అయస్కాంతంతో తలకు అంటుకుంటుంది. సరిగ్గా దానికింద, చర్మం లోపల రిసీవర్. అక్కడి నుంచి సన్నటి ఎలక్ట్రోడ్ తీగ కాక్లియాలోకి వెళ్తుంది. తీగ మీద కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. అవి కేశకణాలను పక్కనపెట్టి, నేరుగా శ్రవణ నాడికి చిన్న చిన్న కరెంటు దెబ్బలు పంపుతాయి. అంటే 15,000 కణాలు చేసే పని మహా అయితే 22 చోట్ల నుంచి జరగాలి. పెద్ద సంక్రాంతి ముగ్గును ఇరవై చుక్కల్లో వేయమంటే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఏ ముగ్గో పోల్చుకోగలం, మెలికలు మాత్రం పోతాయి.

[తెర మీద: సముద్రపు ఒడ్డు. ఇసుకలో ఒక గుల్ల, పక్కన గడ్డి పరక.]

వాయిస్: ఈ తీగను గుల్ల లోపలికి ఎలా పంపాలన్నది ఒకప్పుడు పెద్ద చిక్కు. మరీ గట్టిగా ఉంటే లోపల చీరేస్తుంది, మరీ మెత్తగా ఉంటే దారిలోనే మడతపడుతుంది. ఆస్ట్రేలియా డాక్టర్ గ్రేమ్ క్లార్క్ 1977లో మిన్నమరా బీచ్‌లో ఉండగా ఒక గుల్ల తీసుకుని అందులోకి గడ్డి పరకలు దూర్చి చూశాడు. మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉన్న పరక చుట్లు తిరుగుతూ చక్కగా లోపలికి పోయింది. తీగనూ అలాగే తయారుచేశారు. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో రాడ్ సాండర్స్ అనే ఆయనకు దాన్ని అమర్చారు. ఆయన కారు ప్రమాదంలో వినికిడి పోగొట్టుకున్నవాడు. క్లార్క్ తండ్రికి కూడా వినికిడి సమస్య ఉండేది. ఇంట్లో చూసిన ఆ ఇబ్బందే కొడుకుని ఈ పనిలోకి దింపింది. 2013లో ఇదే పనికి క్లార్క్, ఇంగెబోర్గ్ హోక్‌మైర్, బ్లేక్ విల్సన్ ముగ్గురికీ కలిపి వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు.

సరే, వాన దగ్గరికొద్దాం.

[తెర మీద: పెంకుటింటి చూరు నుంచి కారుతున్న వాన.]

వాయిస్: ఈ ప్రాసెసర్లను ప్రధానంగా మాట కోసం తయారుచేశారు. ఎదురుగా ఉన్న మనిషి గొంతు పట్టుకోవాలి, వెనకాల మోత తగ్గించాలి. ఏకధాటిగా వచ్చే శబ్దం ఏదైనా యంత్రం లెక్కలో అక్కర్లేని రొదే. ఫ్యాను, ఏసీ, ట్రాఫిక్. వాన కూడా అంతే, అలల హోరూ అంతే, ఆకుల్లో గాలీ అంతే! నాయిస్ రిడక్షన్ వీటన్నిటినీ ఒకే గాటన కట్టి అణిచేస్తుంది. పాపం ఆ మనిషి కిటికీ దగ్గర నిలబడి 'ఇంత వాన పడుతోంది కదా, నాకేంటి ఇలా అంతంతమాత్రంగా వినిపిస్తోంది' అని బాధపడుతుంటారు. వాళ్ల చెవిలో లోపమేమీ లేదు. అది సెట్టింగు. ఆడియాలజిస్ట్‌ని అడిగితే నాయిస్ రిడక్షన్ తీసేసిన ప్రోగ్రామ్ ఇంకోటి పెట్టిస్తారు. ఈ సంగతి ప్రతి ఇంప్లాంట్ వాడకందారుకీ మొదటి రోజే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ఉరుము సంగతి వేరు. బాగా బొంగురు శబ్దాలకు స్పందించే కాక్లియా చివరి మలుపు దాకా తీగ చాలావరకు చేరదు. అందుకే ఉరుము చెవికి పలచగా అందినా, ఛాతీకీ కాళ్లకీ ముందులాగే బలంగా తెలుస్తుంది. సైగల భాషలో పెరిగి, ఇంప్లాంట్ వద్దనుకుని హాయిగా బతికేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ప్రకృతి అందలేదని దయచేసి అనుకోకండి. ఉరుమును ఒంటితో వినడం వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

ఇక కీచురాళ్లు. చాలా రకాల కీచురాళ్ల అరుపు 4,000, 5,000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వినికిడి మెల్లమెల్లగా తగ్గేవాళ్లకు సాధారణంగా ముందు పోయేవి ఇలాంటి కీచు శబ్దాలే. ఇంప్లాంట్ వచ్చాక రాత్రిపూట ఇంటి వెనక ఈ రొద విని, మెషీన్ పాడైందేమోనని కంగారుపడేవాళ్లున్నారు.

లయ ఉన్న శబ్దాలు తేలిగ్గా పట్టుబడతాయి, స్వరం మారే శబ్దాలు కష్టం. శబ్దం దెబ్బ ఎప్పుడు పడిందో ఇంప్లాంట్ బాగా చెబుతుంది, స్వరం ఎంత పైకి లేచిందో సరిగ్గా చెప్పలేదు. మొదట్లో మార్చి వినిపించిన కోయిల కూతలో ఒక్కో 'కూ'కీ పెరిగే ఎత్తు పోవడానికి కారణం అదే. ఇందుకు ఎదురు ఉదాహరణ కంసాలి పిట్ట.

[తెర మీద: రావి చెట్టు ఎండు కొమ్మ. దాని కొసన ఆకుపచ్చటి చిన్న పిట్ట. టక్, టక్, టక్.]

వాయిస్: మా వదినకు చిన్నప్పటినుంచీ వినికిడి బాగా తక్కువ. పెదాలు చూసి మాట పట్టుకునేది. పిల్లలు కాస్త పెద్దయ్యాక ఇంప్లాంట్ చేయించుకుంది. ఒక వేసవి పొద్దున తోటలో నా భుజం తట్టి, వేలితో గాలిలో కొట్టి చూపించింది.

"ఇదేంటి? ఎవరో సుత్తితో కొడుతున్నారు."

"సుత్తి కాదు వదినా, పిట్ట. కంసాలి పిట్ట."

"ఎక్కడ?"

అక్కడే చిక్కొచ్చింది. ఆవిడకు ఇంప్లాంట్ ఒక చెవికే ఉంది. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మెదడు రెండు చెవుల మధ్య తేడాను బట్టి లెక్కగడుతుంది. ఏ చెవికి రవ్వంత ముందు చేరింది, ఏ చెవిలో రవ్వంత గట్టిగా ఉంది అని చూసుకుంటుంది. ఒక్క చెవితో ఆ లెక్క కుదరదు. పిట్ట ఉందని తెలుస్తుంది, ఏ కొమ్మ మీదుందో తెలియదు. చెట్టంతా కళ్లతో వెతికాం. చివరికి పైన ఎండు కొమ్మ మీద కనబడింది. ఈ పిట్ట కూసేటప్పుడు ముక్కు పెద్దగా తెరవదు, ప్రతి 'టక్'కీ గొంతు ఉబ్బుతుంది. వదిన ఆ గొంతునే చూస్తూ నిలబడింది. ఉబ్బినప్పుడల్లా తల చిన్నగా ఊపుతోంది. కాసేపటికి కళ్లు మూసుకుంది, తల ఊపడం మాత్రం ఆపలేదు, తాళం తప్పలేదు. ఆ మర్నాడు వంటింట్లో ఉండగా పెరట్లోంచి అదే మోత వస్తే, "మీ కంసాలి వచ్చాడు" అంది. ఈసారి ఎవరూ చెప్పలేదు.

నేర్చుకోవడం అంటే ఇదే. కంటికి కనబడేదీ చెవికి అందేదీ ఒకేసారి జతపడాలి. మాట నేర్చుకునేటప్పుడు ఎదుటివాళ్ల పెదాలైనా కనబడతాయి. ప్రకృతిలో శబ్దం చేసేది చాలాసార్లు ఆకుల చాటునో, చీకట్లోనో ఉంటుంది. మాటలు చక్కగా అర్థం చేసుకునేవాళ్లు కూడా పరిసరాల శబ్దాలు గుర్తుపట్టడంలో తడబడతారని పరిశోధనల్లో తేలింది. సాధన చేస్తే మెరుగవుతుందనీ తేలింది.

[తెర మీద: వాయిస్ ఇస్తున్న వ్యక్తి కెమెరా ముందు.]

వాయిస్: ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవాళ్లకు కొన్ని మాటలు ఉన్నదున్నట్టు చెప్పాలి. మాట వచ్చాక వినికిడి పోయినవాళ్లకు మెదడులో పాత జ్ఞాపకాలుంటాయి. కోయిలని ఒకప్పుడు విన్నవాళ్లు ఈ గరగరలోనే కోయిలని మళ్లీ వెతికి పట్టుకుంటారు. పుట్టుకతోనే వినికిడి లేక, పెద్దయ్యాక చేయించుకున్నవాళ్లకు ఆ ఆసరా ఉండదు. వినికిడిని నేర్చుకోవడానికి మెదడు ఎక్కువ అనువుగా ఉండేది దాదాపు మూడున్నరేళ్ల వయసు దాకా. అందుకే వాళ్లలో చాలామందికి చూడకుండా మాట అర్థం చేసుకోవడం కష్టంగానే మిగలొచ్చు. కానీ హారన్, కుక్క మొరుగుడు, వాన, పిల్లల ఏడుపు తెలుస్తాయి. ఆ మాత్రానికే ఎంతో సంతోషంగా ఉన్నవాళ్లున్నారు. ఆశ ఎంత పెట్టుకోవాలో డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి. ఆ చెవిలో మిగిలిన కొద్దిపాటి సహజ వినికిడి ఆపరేషన్‌తో పోవచ్చని కూడా అడిగి తెలుసుకోండి.

దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఎడిప్ పథకం కిందా, ఆరోగ్యశ్రీ లాంటి రాష్ట్ర పథకాల కిందా ఇంప్లాంట్ సాయం ప్రధానంగా చిన్నపిల్లలకే. పిల్లలకు ముందు ఇవ్వడం న్యాయమే, ఎందుకో ఇప్పుడే చెప్పుకున్నాం. అయితే నలభై ఏళ్లకు వినికిడి పోయిన రైతుకో, టీచరుకో ఏ దారీ లేకుండా వదిలేయడం నాకు సమ్మతం కాదు. పరీక్షలు, సలహా కోసం సికింద్రాబాద్‌లో వినికిడి, మాట సమస్యల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఇంట్లోవాళ్లకు: "వినిపించిందా? వినిపించిందా?" అని పరీక్ష పెట్టకండి. "అది ఉడత వదినా, గోడ మీద" అని పేరు చెప్పి, చెయ్యి చూపించండి. మొదట్లో వినడం అలసట పుట్టిస్తుంది, కాసేపు ప్రాసెసర్ తీసేస్తే తీసెయ్యనివ్వండి. కోస్తా ఉక్కపోతలో రాత్రిపూట దాన్ని తేమ తీసేసే డ్రై బాక్స్‌లో పెట్టండి. వానలో తడుస్తూ వినాలనుంటే నీళ్లు చొరబడని తొడుగు దొరుకుతుంది.

ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు: మ్యాపింగ్‌కి, అంటే ప్రాసెసర్ సెట్టింగులు సరిచేయించుకోవడానికి, వెళ్లేటప్పుడు ఒక చీటీ మీద మీరు వినాలనుకునే శబ్దాలు రాసుకుని వెళ్లండి. వాన, సముద్రం, చిలకలు, ఏదైనా సరే. రికార్డింగులు ఫోన్లో పెట్టుకుని అక్కడే వినిపించి చూడమనండి. మాట కోసం ఒక ప్రోగ్రామ్, ఆరుబయట కోసం ఇంకో ప్రోగ్రామ్ పెట్టించుకోకుండా లేచి రాకండి.