రాని వంతుకు కట్టే ధర

అందరికీ నమస్కారం.

మనం కూర్చున్న ఈ టెక్సాస్ ఫ్రిస్కో ఊళ్లోనే డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం ఉంది. 2016లో వాళ్లు ఇక్కడికి మకాం మార్చారు. మనలో చాలామంది పిల్లలను బడిలో దింపి, ఆ భవనం ముందు నుంచే ఆఫీసుకు వెళ్తాం. ఏప్రిల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ వచ్చేసరికి ఆ పిల్లలు ఇంట్లో "ఈసారి మన వంతు ఎన్నోది, దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తారా" అని లెక్కలు వేస్తుంటారు. మనకు క్రికెట్ వేలం తెలుసు, ఇది తెలియదు. అందుకే ఈ సాయంత్రం దీని గురించి మాట్లాడతానని నేనే అడిగి ఒప్పుకున్నాను. నేను ఏ జట్టులోనూ పనిచేసినవాణ్ణి కాను. చాలా ఏళ్లుగా ఈ బేరాలను ఇష్టంగా గమనిస్తున్నాను, అంతే.

ఐపీఎల్ వేలంలో ఆటగాడి పేరు పిలుస్తారు, ఎక్కువ పాడినవాళ్లు తీసుకుపోతారు. అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో డబ్బుతో పాట ఉండదు. కళాశాల ఆట ముగించుకుని వచ్చిన కుర్రాళ్లను 32 జట్లు ఒకరి తర్వాత ఒకరు వరుసలో ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకు మొదటి వంతు, సీజన్ ఆఖరి పోరైన సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు చివరి వంతు. ఇలా ఏడు రౌండ్లు సాగుతాయి. మంచి ఆటగాళ్లను వేరే జట్లకు పోగొట్టుకున్నవారికి పరిహారంగా ఇచ్చే అదనపు వంతులూ ఉంటాయి. 2025లో అన్నీ కలిపి 257 మందిని ఎంచుకున్నారు. ఈ వంతునే ఇక్కడ పిక్ అంటారు. నేను వంతు అనే అంటాను, ఎందుకంటే అమ్ముడయ్యేది నిజంగా అదే. ఆటగాడు ఇంకా ఎవరికీ చెందలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎవరిని తీసుకుంటారో తెలియకముందే వంతు చేతులు మారుతుంది.

ఈ పద్ధతిని ప్రతిపాదించినవాడు ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్. డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోతుంటే బీద జట్లు ఎన్నటికీ లేవలేవని ఆయన బాధ. 1935లో మిగతా యజమానులను ఒప్పించాడు. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో తొమ్మిది జట్లు సమావేశమై మొదటి డ్రాఫ్ట్ జరిపాయి. అందరికన్నా వెనకబడిన జట్టు ఆయనదే, కాబట్టి చరిత్రలో మొట్టమొదటి వంతు ఆయనకే దక్కింది. షికాగో విశ్వవిద్యాలయంలో ఆడిన జే బెర్వాంగర్‌ను ఎంచుకుని, ఆ హక్కులను షికాగో బేర్స్‌కు ఇచ్చేశాడు. జీతం దగ్గర మాట కుదరక బెర్వాంగర్ వృత్తి ఫుట్‌బాల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బేరం అన్నది డ్రాఫ్ట్‌కు తర్వాత ఎప్పుడో అంటుకున్నది కాదని చెప్పడానికే ఈ ముచ్చట చెప్పాను. మొదటి రోజునుంచీ ఉంది. కొన్నవాళ్ల చేతికి ఏమీ రాకపోవడమూ అప్పటినుంచే ఉంది.

మరి వంతుకు ధర కట్టేదెలా?

1990ల మొదట్లో దీనికి జవాబు డల్లాస్‌లోనే దొరికింది. కౌబాయ్స్ యజమాని జెర్రీ జోన్స్‌తో చమురు, గ్యాస్ వ్యాపారంలో భాగస్వామిగా ఉన్న మైక్ మెకాయ్ జట్టులోనూ వాటాదారు. అప్పటి కోచ్ జిమ్మీ జాన్సన్ చేసే బేరాలకు ఒక కొలత కావాల్సి వచ్చింది. మెకాయ్ గతంలో జట్ల మధ్య జరిగిన మార్పిడులను ముందు పెట్టుకుని, ఏ వంతుకు బదులుగా ఏమేమి ఇచ్చారో చూసి, ఒక్కో వంతుకు ఒక్కో అంకె రాశాడు. మొదటి వంతుకు 3000 పాయింట్లు. రెండోదానికి 2600, మూడోదానికి 2200. పదోదానికి 1300. మొదటి రౌండు ముగిసే 32వ వంతుకు వచ్చేసరికి 590కి పడిపోతుంది.

వాడకం సులువు. మీది 12వ వంతు, అంటే 1200. ఆరో వంతు మీకు కావాలి, దాని విలువ 1600. తక్కువపడిన 400 ఎక్కడుందని చూస్తే, 50వ వంతు విలువ సరిగ్గా 400. రెండో రౌండులో మీకు ఆ వంతు ఉంటే అదీ కలిపి ఇచ్చేస్తారు, ముందుకు జరుగుతారు. అంతకుముందు గంటల తరబడి సాగిన వాదన రెండు కూడికలకు కుదించుకుపోయింది. ఆ పట్టిక డల్లాస్‌లో ఎక్కువ కాలం దాగలేదు. అక్కడ పనిచేసిన కోచ్‌లు వేరే జట్లకు వెళ్తూ దాన్నీ తీసుకెళ్లారు. కొన్నేళ్లకు లీగ్ అంతా దాంతోనే మాట్లాడటం మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా జట్లకు సొంత పట్టికలున్నా, బేరం మొదలయ్యే చోట పాత అంకెలు ఇంకా వినపడతాయి.

ఇక్కడ ఒక్క సంగతి దగ్గర ఆగాలి. మెకాయ్ లెక్కగట్టింది జట్లు ఎంత ఇచ్చాయన్నది. ఎంపికైన కుర్రాళ్లు తర్వాత ఎలా ఆడారన్నది ఆ లెక్కలో లేదు. సంతలో ఆవుకు ఎంత పలికిందో రాసుకున్నాం గానీ ఎన్ని పాలిచ్చిందో రాసుకోలేదు. ఈ తేడాను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

దాన్ని పట్టించుకున్నవారు పరిశోధకులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్. 2017లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న థేలరే ఆయన. ఏళ్ల తరబడి జరిగిన ఎంపికలనూ, మార్పిడులనూ వాళ్లు తవ్వి చూశారు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరు కుర్రాళ్లు వరుసగా ఎంపికైతే, ముందు ఎంపికైనవాడు తర్వాతివాడికంటే మెరుగ్గా నిలబడే అవకాశం ఎంత? 52 శాతం. బొమ్మా బొరుసా ఎగరేసినదానికంటే రెండు పాళ్లు ఎక్కువ. డజన్ల కొద్దీ పరిశీలకులను దేశమంతా తిప్పి, కుర్రాళ్ల పరుగును స్టాప్‌వాచ్‌తో కొలిచి, చేతుల పొడవు కూడా కొలతవేసి తేల్చుకునేది అంతే. ఆ రెండు పాళ్ల కోసమే జట్లు తమ తర్వాతి ఏళ్లను తాకట్టు పెడుతున్నాయి. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. నాకు తెలిసిన బేరాలన్నీ దాని వెలుగులో మళ్లీ గుర్తుకొచ్చాయి.

వాళ్లు తేల్చిన రెండో విషయం మనవాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. వచ్చే ఏడాది వంతును ఈ ఏడాది బేరంలో పెట్టవచ్చు. అయితే ఒక ఆనవాయితీ ఉంది. వచ్చే ఏడాది మొదటి రౌండు వంతును ఈ ఏడాది రెండో రౌండు వంతుతో సమానంగా చూస్తారు. ఏడాది ఆగినందుకు ఒక రౌండు తరుగు. మన చీటీ పాట ఇదే కదా. అవసరం తోసుకొచ్చినవాడు మొదటి నెలల్లోనే తరుగుకు పాడుకుని డబ్బు తీసుకుంటాడు, ఆగగలిగినవాడికి చివర్లో పూర్తి మొత్తం వస్తుంది. మాసీ, థేలర్ ఈ తరుగును వడ్డీగా మార్చి చూస్తే ఏడాదికి 136 శాతం తేలింది. మన ఊళ్ల లెక్కలో నూటికి నెలకు 11 రూపాయలు దాటిన వడ్డీ. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటేనే ఆ ఇంటి గురించి దిగులు పడే మనుషులం మనం.

అంత వడ్డీకి ఎందుకు ఒప్పుకుంటారు? ఆటగాళ్లను తెచ్చి జట్టును కూర్చే జనరల్ మేనేజర్, కోచ్ వచ్చే ఏడాదికి ఆ కుర్చీలో ఉంటామన్న నమ్మకం లేనివారు. అప్పు తీర్చే రోజున అక్కడ ఇంకొకరు కూర్చుని ఉంటారు. నాకు ఇది ఈ వ్యవహారమంతటిలోనూ అసలు రోగంలా కనిపిస్తుంది.

ఆగగలిగినవాడి కథ కూడా డల్లాస్‌దే. 1989లో జిమ్మీ జాన్సన్ వచ్చేసరికి జట్టులో అందరికన్నా పేరున్నవాడు హెర్షల్ వాకర్. అక్టోబరులో వాకర్‌ను మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చేశారు. వైకింగ్స్ అయిదుగురు ఆటగాళ్లను పంపింది. ఆ అయిదుగురిలో ఎవరినైనా డల్లాస్ గడువులోగా వదిలేస్తే, బదులుగా వైకింగ్స్ తమ డ్రాఫ్ట్ వంతు ఇవ్వాలన్న షరతు ఉంది. డల్లాస్‌కు కావాల్సింది ఆటగాళ్లేనని వైకింగ్స్ అనుకుంది. జాన్సన్ కన్ను మొదటినుంచీ షరతు మీదే ఉంది. ఆ ఏడాది కౌబాయ్స్ 16 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచారు. ఊరంతా తిట్టిపోసింది. కానీ 1990 నుంచి 1992 వరకు వైకింగ్స్ మొదటి, రెండో రౌండు వంతులు డల్లాస్ చేతికి వచ్చాయి. అలా వచ్చిన ఒక వంతును ఇంకో జట్టుతో మార్చుకుని, నాలుగు స్థానాలు ముందుకు జరిగి, 17వ వంతులో ఎమ్మిట్ స్మిత్‌ను తీసుకున్నారు. లీగ్ చరిత్రలో అందరికన్నా ఎక్కువగా బంతి పట్టుకుని 18,355 గజాలు పరుగెత్తినవాడు అతనే. 1992, 1993, 1995 సీజన్ల సూపర్ బౌల్స్ డల్లాస్‌వే.

దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది 1999లో. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ కోచ్ మైక్ డిట్కా, రికీ విలియమ్స్ అనే ఒక్క కుర్రాడి కోసం ఆ ఏడాది తమకున్న వంతులన్నీ, మరుసటి ఏడాది మొదటి, మూడో రౌండు వంతులూ వాషింగ్టన్‌కు ఇచ్చి అయిదో వంతుకు వచ్చాడు. ఒక క్రీడా పత్రిక ముఖచిత్రం కోసం విలియమ్స్‌కు పెళ్లికూతురి గౌను తొడిగి, పక్కన డిట్కాను పెళ్లికొడుకుగా నిలబెట్టారు. ఆ కుర్రాడికి అప్పుడు 22 ఏళ్లు. తర్వాతి కాలంలో అతను తనకు నలుగురిలో మెలగాలంటేనే వణుకు పుట్టే మానసిక సమస్య ఉండేదని బహిరంగంగా చెప్పుకున్నాడు. ఆ బొమ్మను నేను ఇప్పటికీ సుఖంగా చూడలేను. సెయింట్స్ మూడు గెలిచి పదమూడు ఓడింది. డిట్కాను పంపించేశారు. తమ సొంత వైఫల్యం వల్ల వాళ్లు వదులుకున్న మరుసటి ఏడాది వంతు రెండోదై కూర్చుంది, దాని లాభమంతా వాషింగ్టన్‌ది.

రేపటి వంతును అమ్మడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. అమ్మే రోజున అది ఎన్నో వంతో తెలియదు. మీరు బాగా ఆడితే దాని విలువ తగ్గుతుంది, ఆట పాడైపోతే పెరుగుతుంది. 2023 మార్చిలో కరోలైనా పాంథర్స్ మొదటి వంతు కోసం షికాగో బేర్స్‌కు తమ 9వ, 61వ వంతులు, 2024 మొదటి రౌండు, 2025 రెండో రౌండు, పైన డీజే మూర్ అనే మంచి ఆటగాణ్ణీ ఇచ్చింది. బంతి విసిరి ఆటను నడిపించే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు, అలాంటి బ్రైస్ యంగ్‌ను తీసుకుంది. ఆ సీజన్‌లో పాంథర్స్ 17 మ్యాచ్‌లలో రెండే గెలిచింది. దాంతో ఇచ్చేసిన 2024 వంతు అచ్చంగా మొదటిదే అయింది. బేర్స్ దాంతో కేలబ్ విలియమ్స్‌ను ఎంచుకుంది.

బేరాలన్నీ నెలల ముందే కుదరవు. డ్రాఫ్ట్ రోజున ఒక్కో వంతుకు ఉండే గడువు నడుస్తుండగా కుదిరేవీ ఉంటాయి, అప్పుడు రెండు జట్లూ విడివిడిగా లీగ్‌కు కబురు చెప్పాలి. 2003లో ఏడో వంతు దగ్గర మిన్నెసోటా, బాల్టిమోర్ ఒప్పుకున్నాక బాల్టిమోర్ కబురు చేరేలోపే మిన్నెసోటా వంతుకున్న గడువు ముగిసింది. వరుసలో వెనక ఉన్న జాక్సన్‌విల్, కరోలైనా ముందుకు దూకి తమకు కావాల్సినవాళ్లను తీసేసుకున్నాయి.

పైకి జరగడమే తప్పని నేను అనడం లేదు. ముఖ్యంగా క్వార్టర్‌బ్యాక్ విషయంలో. 2010లో మొదటి వంతుగా ఎంపికైన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. మరుసటి ఏడాది కొత్త జీతాల నిబంధన వచ్చాక, అదే మొదటి వంతు కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లే. మంచి క్వార్టర్‌బ్యాక్ అంత చవకగా నాలుగేళ్లు దొరికితే మిగిలిన డబ్బుతో చుట్టూ జట్టు కట్టుకోవచ్చు. 2017లో కాన్సస్ సిటీ చీఫ్స్ 27వ వంతు నుంచి పదోదానికి ఎగబాకింది. 27వది 680, దానికి తోడు ఇచ్చిన 91వది 136. మొత్తం 816. కావాల్సింది 1300. మిగతా 484కు మరుసటి ఏడాది మొదటి రౌండు వంతు ఇచ్చింది. పాత ఆనవాయితీ ప్రకారం దాన్ని రెండో రౌండుగా చూస్తే లెక్క దాదాపు కుదురుతుంది. ఆ వంతులో వచ్చినవాడు మన టెక్సాస్‌లోని టైలర్ ఊరివాడు, పాట్రిక్ మహోమ్స్.

2021 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కో కూడా అలాంటి ఆశతోనే 12 నుంచి మూడో వంతుకు వచ్చింది. మూడు మొదటి రౌండు వంతులు, ఒక మూడో రౌండు వంతు ఇచ్చింది. ట్రే లాన్స్‌ను తీసుకుంది. నార్త్ డకోటా స్టేట్ విశ్వవిద్యాలయంలో అతను పూర్తిగా ఆడింది ఒక్క సీజనే. 2022 సెప్టెంబరులో చీలమండ విరిగింది. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అదే జట్టు అందరికన్నా ఆఖరి వంతులో, 262వ వాడిగా తీసుకున్న బ్రాక్ పర్డీ డిసెంబరులో బరిలోకి దిగి గెలిపించడం మొదలుపెట్టాడు. 2024 ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో ఒకవైపు మహోమ్స్, మరోవైపు పర్డీ. అదనపు సమయంలో 25-22తో చీఫ్స్ గెలిచింది.

లాన్స్ అప్పటికే మన ఊళ్లో ఉన్నాడు. 2023 ఆగస్టులో డల్లాస్ అతన్ని ఒక్క నాలుగో రౌండు వంతుకు తెచ్చుకుంది. 2025 జనవరిలో సీజన్ ఆఖరి మ్యాచ్‌కు, ఆర్లింగ్టన్‌లో, వాషింగ్టన్ మీద అతనికి మొదటి నుంచీ ఆడే అవకాశం ఇచ్చారు. కాలు విరిగిన రోజు తర్వాత అతనికి దక్కిన మొదటి అలాంటి మ్యాచ్ అది. నేను మా అబ్బాయితో కలిసి చూశాను. 23-19తో ఓడిపోయారు. అతను బంతి సరిగ్గా విసిరినప్పుడల్లా మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. మా వెనక వరుసలో ఒకాయన మాత్రం ఆట పొడవునా "మూడు మొదటి రౌండ్లు, మూడు మొదటి రౌండ్లు" అంటూనే ఉన్నాడు. ఆ ధర లాన్స్ అడిగింది కాదు.

ఇక మీరు అడగండి, తెలిసినంత చెబుతాను.