పడిశానికి సూదెందుకు?

రేడియో వింటా ఉన్న అందరికీ నమస్కారం. చిత్తూరు పక్క పల్లెల్లో కొన్నాళ్ళు, తర్వాత తిరుపతిలో చానా ఏండ్లు నర్సుగా చేసి ఇప్పుడు ఇంటికాడ ఉన్నదాన్ని. ఉద్యోగం అయిపోయినా వీధిలో వాళ్ళు వదల్లేదనుకోండి. ఈ ముసురుకి ఏ ఇంటి ముందర పోయినా దగ్గే వినిపిస్తా ఉంది. నిన్న ఒకామె మూడేళ్ళ పిల్లోణ్ణి చంకనేసుకోని వచ్చి, "అక్కా, వీడికి పడిశం పట్టింది, ఒక సూది ఏపిస్తే పోతుంది కదా" అనింది. పోదమ్మా అన్నా. ఆమెకి నచ్చలా.

పడిశం తెచ్చే వైరస్‌లు 200కి పైగానే ఉన్నాయి, సూదిలో ఇచ్చే యాంటీబయాటిక్ అనేది బ్యాక్టీరియాని చంపే మందు, వైరస్‌ని అది ఏమీ చెయ్యలేదు. చీమిడి పచ్చగా మారిందని కూడా భయపడొద్దు, తగ్గే ముందర అట్ల మారడం మామూలే. వారం పది రోజులు ఉంటుంది, దగ్గు ఇంకొన్నాళ్ళు లాగుతుంది, అంతే.

ఫ్లూ అట్ల కాదు. పడిశం మెల్లగా వస్తుంది, ముందు గొంతు గరగర, తర్వాత తుమ్ములు, ఆ తర్వాత ముక్కు కారడం. ఫ్లూ వచ్చినోణ్ణి అడగండి, ఏ పూట పడకేసినాడో సరిగ్గా చెప్తాడు, ఎందుకంటే పొద్దున ఇడ్లీ తిని బడికి పోయిన పిల్లోడు సాయంత్రానికి 102, 103 జొరంతో, చలితో, ఒళ్ళంతా ఎవరో కొట్టినట్టు మూలుగుతా వస్తాడు. మన పక్క ఈ వానల్లోనే డెంగ్యూ కూడా ఉంటుంది కాబట్టి ముక్కు కారకుండా, దగ్గు లేకుండా ఉత్త జొరం, కళ్ళ వెనకాల నొప్పి ఉంటే రక్త పరీక్ష చేయించాల్సిందే. అది తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు మందులంగట్లో అడిగి మింగొద్దు, పిలకాయలకైతే ఆస్పిరిన్ ఎప్పుడూ వద్దు.

పారాసిటమాల్ సిరప్‌లో ఒక చిక్కుంది. ఒక సీసాలో 5 ఎం.ఎల్.కి 125 మిల్లీగ్రాములు ఉంటుంది, ఇంకో సీసాలో 250 ఉంటుంది, చూసేదానికి రెండూ ఒకే మాదిరి. పోయినసారి ఇచ్చిన లెక్కనే కొత్త సీసా నుంచి పోస్తే డోసు రెండింతలు అయిపోతుంది. 10 కిలోల బిడ్డకి ఒకసారికి 100 నుంచి 150 మిల్లీగ్రాములు చాలు, ఆరు గంటలు ఆగి మళ్ళీ ఇయ్యొచ్చు. సీసా మీద అంకె చూడకుండా మూత తియ్యొద్దు.

ఆవిరి సంగతి కూడా చెప్పాలి. కాగే నీళ్ళ గిన్నె ముందర పిల్లోణ్ణి కూర్చోపెట్టి దుప్పటి కప్పుతారు, వాడు కాలు జాడిస్తే ఆ నీళ్ళు తొడల మీద పడతాయి, అట్ల కాలిన పిలకాయల్ని నేను చూసినా. పెద్దోళ్ళు పట్టుకోండి, చిన్నోళ్ళకి వద్దు. ముక్కులో ఆముదం పోసేది కూడా మానండి, అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, దానికి బదులు మందులంగట్లో దొరికే ఉప్పునీళ్ళ చుక్కలు వెయ్యండి. మిరియాల చారు, గంజి, ఏడాది దాటిన బిడ్డకైతే పండుకునే ముందర అర చెంచా తేనె, ఇవి మంచివే. ఏడాదిలోపు బిడ్డకి మాత్రం తేనె నాకించొద్దు.

ముసలోళ్ళ విషయంలో నర్సునయ్యుండి నేనే మోసపోయినా. మా అత్తకి గట్టి జొరం రాలా, రెండు రోజులు సంగటి ముట్టకుండా మగతగా పండుకోనింది, వయసు కదా అనుకున్నా. మూడో రోజు మాట తడబడితే అప్పుడు ఆస్పత్రికి పరిగెత్తినాము, చూస్తే ఫ్లూ, న్యుమోనియాలోకి దిగింది. ఫ్లూకి మందు ఉంది, ఒసెల్టామివిర్ అని, కాకపోతే అది మొదటి రెండు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. అందుకే ముసలోళ్ళు, కడుపుతో ఉన్నోళ్ళు, షుగరు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నోళ్ళు ఇంటికాడ రోజులు లెక్కపెట్టుకుంటా కూర్చోవద్దు. వీళ్ళు ఏటేటా ఫ్లూ టీకా వేయించుకుంటే ఇంకా మంచిది, ఆ వైరస్ వేషం మారుస్తానే ఉంటుంది కాబట్టి పోయినేడు వేసింది ఈ ఏడుకి చాలదు.

ఇంకోటి, జొరంతో కొండకి పోవద్దు. కంపార్ట్‌మెంట్లో గంటలు గంటలు కూర్చుంటే ఎన్ని ఊర్లోళ్ళకి అంటిస్తామో, ఫ్లూ వచ్చినాక వారం దాకా పక్కనోళ్ళకి అంటుకుంటుంది. స్వామి యాడికీ పోడు, వచ్చే వారం చూసుకోవచ్చు.

ఇప్పుడు నిన్నటామెకి నేను నేర్పించింది చెప్తా. పిల్లోడు నిద్రపోతా ఉంటే చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకోని, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టమన్నా. రెండు నెలల్లోపు బిడ్డకి 60, ఏడాది లోపైతే 50, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా 40, ఆ అంకె వచ్చిందంటే రాత్రయినా సరే ఆస్పత్రికి పోవాల్సిందే. డొక్కలు ఎగరేస్తా ఉన్నా, పెదాలు నీలంగా మారినా, పాలు పట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా లెక్క కూడా అక్కర్లేదు, లేచి పోవడమే.

రాత్రి తొమ్మిదింటికి ఆమె ఫోన్ చేసింది. "28 వచ్చింది అక్కా, రెండు సార్లు లెక్కపెట్టినా" అనింది. సరే, అయితే లేచినాక ఇంత గంజి తాపించి పండుకోపెట్టు అని చెప్పినా. సూది మాట ఆమె ఎత్తలా.