బర్గర్, వెజ్, మయో, టీఎస్‌పీ: ఇంగ్లిష్ తిండి పొట్టి పేర్లకు మార్కులు

నమస్కారమండీ. ఈసారి మేం రివ్యూ చేస్తున్నది హోటల్నీ కాదు, మిక్సీనీ కాదు. మెనూ కార్డుల మీద, రెసిపీల్లో కనబడే ఇంగ్లిష్ పొట్టి పేర్లని. ఒక్కో పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ దేశంలో దేనికి వాడతారు, దాన్ని నమ్ముకుని ఆర్డరిస్తే గానీ వండితే గానీ ఎక్కడ దెబ్బ తింటాం, ఇవి చూద్దాం. పదికి మార్కులు కూడా వేస్తాం. పేరు ముద్దుగా ఉందని మార్కులు పడవు. ఆ పేరు వినగానే ప్లేట్లోకి ఏం వస్తుందో ఎంత కచ్చితంగా చెప్పగలం అన్నదానికే మార్కులు.

ముందు బర్గర్. అసలు పేరు హాంబర్గర్. జర్మనీలో హాంబర్గ్ అనే రేవు పట్నం ఉంది. ఊరి పేరు చివర 'అర్' చేరిస్తే 'ఆ ఊరిది' అని అర్థం వస్తుంది, మనం గుంటూరోడు అన్నట్టు. 19వ శతాబ్దంలో అమెరికాలో ఖీమా కొట్టిన గొడ్డుమాంసాన్ని హాంబర్గ్ స్టేక్ పేరుతో అమ్మేవారు. తర్వాత అది బన్ను మధ్యకి చేరింది. ఇక్కడే తమాషా. మాటని విరవాల్సింది హాంబర్గ్ దగ్గర. జనం విరిచింది హామ్ దగ్గర. ఇంగ్లిష్‌లో హామ్ అంటే పంది తొడ మాంసం. అది పక్కకి పోగా మిగిలింది బర్గర్ అనుకున్నారు. నిజానికి హాంబర్గర్‌లో పందిమాంసమే లేదు. అయినా ఆ తప్పు విరుపే కలిసొచ్చింది. 1930లకల్లా చీజ్‌బర్గర్ వచ్చేసింది, ఆ తర్వాత చికెన్, ఫిష్, వెజ్, ఏది ముందు తగిలించినా అతుక్కుంది. ఇలాంటిదే ఫ్రాంక్‌ఫర్టర్ సాసేజ్. అదీ ఊరి పేరే, కానీ దానికి తల మిగిలి తోక పోయింది. అమెరికాలో దాన్ని ఫ్రాంక్ అంటారు.

వాడకానికొస్తే, అమెరికాలో బర్గర్ అంటే ఖీమా చేసి బిళ్ళలా వత్తి కాల్చిన మాంసం. బన్ను మధ్య పిండి పట్టించి వేయించిన చికెన్ ముక్క పెడితే అది అక్కడ చికెన్ శాండ్‌విచ్. అదే ముక్క, అదే బన్ను బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, మన దగ్గర చికెన్ బర్గర్. డల్లాస్‌లో దిగిన కొత్తలో మెనూలో చికెన్ బర్గర్ కోసం వెతికి, లేదనుకుని వచ్చేయకండి, శాండ్‌విచ్‌ల వరసలో చూడండి. ఇంకో సంగతి. ఏ విశేషణమూ లేకుండా ఉత్త బర్గర్ అంటే అమెరికాలో గొడ్డుమాంసమే. మన దేశంలో 1996లో మెక్‌డొనాల్డ్స్ తెరిచినప్పుడే గొడ్డుమాంసం లేకుండా మొదలుపెట్టింది, అందుకే మన చెవికి బర్గర్ అంటే బన్ను ఆకారం తప్ప లోపలి సరుకు తట్టదు. మార్కులు పదికి ఐదు. ఆకారం చెబుతుంది, లోపలేముందో చెప్పదు.

తర్వాతది వెజ్. దీనికి ఎక్కువ టైమ్ ఇస్తున్నాం, ఎందుకంటే మనవాళ్ళు విదేశాల్లో ఎక్కువగా మోసపోయేది ఈ ఒక్క మాట దగ్గరే.

వెజిటేరియన్ అనే మాట జనంలోకి బాగా వెళ్ళింది 1847లో ఇంగ్లండ్‌లోని రామ్స్‌గేట్‌లో వెజిటేరియన్ సొసైటీ ఏర్పడ్డాక. మనం దాన్ని కత్తిరించి వెజ్ అన్నాం, దానికి ఎదురుగా నాన్‌వెజ్ పెట్టుకున్నాం. బ్రిటన్‌లో మాత్రం వెజ్ అంటే వెజిటబుల్స్. అంటే కూరగాయలు, అంతే. అక్కడ మెనూలో 'రోస్ట్ విత్ సీజనల్ వెజ్' అని ఉంటే మాంసంతో పాటు ఈ కాలపు కూరగాయలు ఇస్తారని అర్థం. ఇక వెజ్జీ. బ్రిటన్‌లో వెజ్జీ అంటే శాకాహారి, అమెరికాలో వెజ్జీస్ అంటే మళ్ళీ కూరగాయలే. ఒకే మాట, రెండు ఒడ్డుల్లో రెండు అర్థాలు. కాబట్టి బయట దేశంలో వెజ్ అనకండి, వెజిటేరియన్ అని పూర్తిగా పలకండి. ఆ తర్వాత కూడా రెండు ప్రశ్నలు అడగాలి: దేంట్లో వేయించారు, సాస్‌లో ఏముంది.

ఎందుకు అడగాలంటే, ఇంగ్లండ్ ఉత్తరాన, ముఖ్యంగా యార్క్‌షైర్‌లో, చాలా షాపులు చిప్స్‌ని గొడ్డు కొవ్వులో వేయిస్తాయి. అక్కడ చిప్స్ అంటే లావుపాటి బంగాళాదుంప ముక్కలు. మనం చిప్స్ అనే పల్చటి కరకరలాడేవి వాళ్ళకి క్రిస్ప్స్. అమెరికాలో ఫ్రెంచ్ ఫ్రైస్ కాస్తా ఫ్రైస్ అయ్యాయి. మెక్‌డొనాల్డ్స్ అక్కడ 1990లో గొడ్డు కొవ్వు మానేసి వెజిటబుల్ ఆయిల్‌కి మారింది గానీ, వాసన కోసం కలిపే బీఫ్ ఫ్లేవర్ మాత్రం ఉండిపోయింది. దాని మీద 2001లో కేసు పడింది, 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, హిందూ, శాకాహార సంఘాల లాంటి వాటికి కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. 'నూనెలో వేయించాం' అన్న జవాబుతో సరిపెట్టుకోకూడదు అనేది అందుకే. వుస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయి. అసలైన పార్మిజానో చీజ్ కోసం పాలని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే విరగ్గొడతారు. ఈ చీజ్‌నే అమెరికాలో పార్మ్ అని పిలుస్తారు. అయితే అక్కడ చికెన్ పార్మ్ అంటే చీజ్ ముక్క కాదు, పిండి పట్టించి వేయించి టమాటా సాస్, చీజ్ వేసిన చికెన్.

మన దగ్గర మాత్రం వెజ్ చాలా నిక్కచ్చి మాట. ప్యాకెట్ మీద చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే వెజ్. గోధుమ రంగు త్రికోణం ఉంటే నాన్‌వెజ్. పాలు వెజ్, గుడ్డు నాన్‌వెజ్. అది మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్క. గుడ్డు వేసిన కేకు మీద కూడా త్రికోణమే ఉండాలి. అందుకే ఇండియాలో వెజ్‌కి తొమ్మిది, బ్రిటన్‌లో మూడు.

మయో. మయోనెయిజ్‌ని కత్తిరిస్తే వచ్చింది. అమెరికా చట్టం ప్రకారం ఆ పేరు పెట్టాలంటే బరువులో కనీసం 65 శాతం వెజిటబుల్ ఆయిల్ ఉండాలి, గుడ్డు పచ్చసొన ఉండాలి. మన షవర్మా, మండీ షాపుల్లో తెల్లగా ఉన్న ప్రతి సాస్‌నీ మయో అనేస్తారు. లెబనాన్ వాళ్ళ తూమ్ కూడా తెల్లనే, కానీ అందులో గుడ్డు ఉండదు. వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు, అంతే. ఈ తేడా పట్టించుకోవాల్సిందే. పచ్చిగుడ్లతో చేసిన మయోనెయిజ్ తయారీ, నిల్వ, అమ్మకాల్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఉడికించే దశే లేదు కాబట్టి అది చావదు, పైగా డబ్బా గంటల తరబడి కౌంటర్ మీద ఉంటుంది.

ఇంట్లో గుడ్డు లేకుండా చేసుకోవచ్చు. సన్నటి పొడుగు జార్‌లో 100 మి.లీ. చల్లటి పాలు, 200 మి.లీ. వాసన లేని నూనె, అర టీస్పూన్ ఆవపొడి, ఉప్పు. హ్యాండ్ బ్లెండర్‌ని అడుగుకి ఆనించి తిప్పండి. అడుగున తెల్లగా చిక్కబడే దాకా పైకి ఎత్తకూడదు. ఎత్తితే నూనె ఒక్కసారిగా దిగి విడిపోతుంది. చిక్కబడ్డాకే రెండు టీస్పూన్ల నిమ్మరసం. మొదటే వేస్తే పాలు విరిగి పలచగా నిలబడిపోవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి. మయో అన్న పేరుకి నాలుగు మార్కులు. గుడ్డుందా లేదా అన్నది చెప్పని పేరుకి అంతకంటే ఇవ్వలేం.

కొన్ని త్వరగా. కోక్: కోకా కోలా 1886లో అట్లాంటాలో పుట్టింది, జనం పెట్టిన ఈ పొట్టి పేరుని కంపెనీ 1941లో ప్రకటనల్లోకి తెచ్చి, 1945లో రిజిస్టర్ చేసుకుంది. అమెరికా దక్షిణాదిలో కోక్ అంటే ఏ కూల్ డ్రింకైనా కావచ్చు, 'ఏ కోక్?' అని తిరిగి అడుగుతారు. మక్కాస్: ఆస్ట్రేలియాలో మెక్‌డొనాల్డ్స్‌కి ముద్దు పేరు. 2013లో కంపెనీయే కొన్ని షాపుల బోర్డులు అలా మార్చింది. ఆస్ట్రేలియన్లు దేన్నీ వదలరు: అవకాడో 'ఆవో', బార్బెక్యూ 'బార్బీ', బ్రేక్‌ఫాస్ట్ 'బ్రెక్కీ'. బీఎల్‌టీ: మొదటి అక్షరం బేకన్, అంటే పందిమాంసం. తర్వాత లెట్యూస్, టమాటా. మెనూలో ఆ మూడక్షరాలే ఉంటాయి, వివరం ఉండకపోవచ్చు. డీకాఫ్: కాఫీలో కెఫీన్ చాలావరకు తీసేశారని, పూర్తిగా లేదని కాదు. పీ, అంటే బఠాణీ: పాత ఇంగ్లిష్‌లో అది 'పీజ్', ఏకవచనమే. చివర 'జ్' వినబడి బహువచనం అనుకుని కత్తిరించారు. చెర్రీదీ అదే కథ.

ఇక వంటింట్లో అసలు చేటు చేసేవి రెసిపీ పొట్టి రాతలు.

[స్క్రీన్ మీద రెండు చెంచాలు పక్కపక్కన]

టీఎస్‌పీ అంటే టీస్పూన్, 5 మి.లీ. టీబీఎస్‌పీ అంటే టేబుల్‌స్పూన్, 15 మి.లీ. కానీ ఆస్ట్రేలియాలో టేబుల్‌స్పూన్ 20 మి.లీ. వాళ్ళ రెసిపీలో రెండు టేబుల్‌స్పూన్ల జెలటిన్ అని ఉంటే మన చెంచాతో రెండు వేసి, పైన ఇంకో రెండు టీస్పూన్లు వేయాలి. లేకపోతే పుడ్డింగ్ గట్టిపడదు.

ఓజెడ్ అంటే ఔన్స్, 28 గ్రాముల పైచిలుకు. ఇటాలియన్ 'ఒంజా' నుంచి వచ్చిన రాత, అందుకే ఔన్స్‌లో లేని జెడ్ అందులో ఉంది. ఎల్‌బీ అంటే పౌండు, 454 గ్రాములు, లాటిన్ 'లిబ్రా'కి గుర్తు. జనం బోల్తా పడేది ఇక్కడ: కప్పు అంటే 8 ఔన్సులు అని విని, 8 ఔన్సుల మైదా అంటే ఒక కప్పు పోస్తారు. ఆ 8 ఔన్సులు ద్రవాల కొలత. కప్పు మైదా తూకం దాదాపు 125 గ్రాములే, కావాల్సింది 227. సగం పిండితో కేకు పొంగి, మధ్యలో కుంగిపోతుంది.

బైకార్బ్: బ్రిటన్‌లో బేకింగ్ సోడాకి పేరు, మన తినే సోడా. బేకింగ్ పౌడర్ వేరు, అందులో సోడాతో పాటు పులుపు పొడి, కాస్త స్టార్చ్ ఉంటాయి. ఒక టీస్పూన్ పౌడర్ బదులు పావు టీస్పూన్ సోడా చాలు, దానికి తోడు అర టీస్పూన్ క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పులుపు పొడి. కొలత మార్చకుండా సోడా వేస్తే సబ్బు రుచి, ముదురు రంగు.

ఇక ఉత్త టీ అక్షరం. పెద్ద టీ రాస్తే టేబుల్‌స్పూన్, చిన్న టీ రాస్తే టీస్పూన్. చేతిరాతలో రెండూ ఒకలాగే కనబడతాయి, ఉప్పు మూడింతలు పడుతుంది. దీనికి సున్నా. రెసిపీ దించుకునేటప్పుడు అక్కడ పెద్ద చెంచా, చిన్న చెంచా అని తెలుగులో రాసుకోండి, పక్కన మి.లీ. కూడా వేసుకోండి.