లాక్ పడింది, లింక్ రాలేదు: 1జీ, 10జీ, 25జీ మాడ్యూల్స్ మార్చి మార్చి పెట్టి చూశాను

నమస్తే అండీ. ఈ బల్ల మీద మూడు ఆప్టికల్ మాడ్యూల్స్, అంటే నెట్‌వర్క్ స్విచ్ పోర్టులో గుచ్చి ఫైబర్ కేబుల్ తగిలించే ముక్కలు, ఉన్నాయి, కాస్త దగ్గరగా చూపిస్తాను. జీ అంటే వేగం, సెకనుకు ఎన్ని గిగాబిట్లు అని. ఇది 1జీ, ఎస్‌ఎఫ్‌పీ. ఇది 10జీ, ఎస్‌ఎఫ్‌పీ ప్లస్. ఇదేమో 25జీ, ఎస్‌ఎఫ్‌పీ 28. లేబుల్స్ పీకేస్తే ఏది ఏదో నేనూ చెప్పలేను. సైజు ఒకటే, వెనక బంగారు రంగు పళ్లు కూడా ఒకేలా ఉంటాయి. అందుకే ఏది ఏ పోర్టులోనైనా దూరిపోతుంది, టక్ మని లాక్ కూడా పడుతుంది. గొడవంతా ఆ టక్ దగ్గరే మొదలవుతుంది.

ముందు 10జీ మాడ్యూల్‌ని 1జీ పోర్టులో పెడుతున్నా. విన్నారా? టక్. ఇప్పుడు ఫైబర్. పోర్టు మీద లింక్ లైటు... రాలేదు. రాదు కూడా. మొదటిసారి ఇలాగే పెట్టి, ఫైబర్ కొనలు తుడిచి, ప్యాచ్ కార్డ్, అంటే ఆ చిన్న ఫైబర్ కేబుల్, మార్చి, రెండు పోగులూ అటూ ఇటూ తిప్పి అరగంట తగలేశాను. కారణం చిన్నదే. ఆ పోర్టు మాడ్యూల్‌కి, డేటాతో పాటు పంపే అదనపు బిట్లు కలిపి, సెకనుకు 1.25 గిగాబిట్లు వదులుతుంది, ఈ మాడ్యూల్‌ని తయారుచేసింది 10.3125 కోసం. రాగి కేబుల్ అయితే రెండు వైపులా బేరమాడుకుని తక్కువ వేగానికి దిగొస్తాయి. ఆప్టికల్‌లో వేగం మీద ఆ బేరం లేదు. డ్యూయల్ రేట్, అంటే రెండు వేగాలకూ పనిచేసేవి, అని ప్రత్యేకంగా రాసి అమ్మేవి వేరు సంగతి.

ఇప్పుడు తిప్పి పెడదాం. 1జీ మాడ్యూల్, 10జీ పోర్టు. ఇక్కడా లైటు రాలేదు, కానీ కంగారు పడకండి. స్విచ్ సెట్టింగ్స్‌లో ఈ పోర్టు వేగం ఆటో తీసి 1000 మెగాబిట్లు, అంటే 1జీ, అని పెడుతున్నా. వచ్చింది! అంటే దిగొచ్చేది పోర్టు, మాడ్యూల్ కాదు. ఇది ఒక్కటి పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. కొన్ని స్విచ్‌లలో 10జీ పోర్టు 1జీకి అసలు దిగదు, కొనే ముందే స్పెసిఫికేషన్ చూసుకోండి. అవతలి కొసన కూడా 1జీ మాడ్యూలే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

25జీ పోర్టు నాకు బాగా నచ్చింది. 10జీ మాడ్యూల్‌ని ఏ పేచీ లేకుండా తీసుకుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. చాలా స్విచ్‌లలో ఈ పోర్టులు నాలుగేసి జట్టుగా ఉంటాయి. ఒకదాన్ని 10జీకి దించితే పక్క మూడూ దానితో పాటు దిగాల్సిందే. ఖాళీగా ఉంది కదా అని ఏదో ఒక పోర్టులో గుచ్చేయకండి.

అసలు నన్ను ఏడిపించింది 25జీకి 25జీనే. సర్వర్ నెట్‌వర్క్ కార్డులోనూ స్విచ్‌లోనూ సరైన మాడ్యూల్సే ఉన్నాయి, ఫైబర్ శుభ్రంగా ఉంది. లైనక్స్‌లో ఈథ్‌టూల్ మైనస్ ఎమ్ అనే కమాండ్ కొట్టి చూస్తే వెలుతురు కూడా బాగానే అందుతోంది. లింక్ మాత్రం లేదు. చివరికి తేలిందేమిటంటే ఎఫ్‌ఈసీ, అంటే దారిలో పాడైన బిట్లను సరిచేసుకునే ఏర్పాటు, స్విచ్‌లో ఆన్‌లో ఉంది, కార్డులో ఆఫ్‌లో ఉంది. 25జీ ఎస్‌ఆర్ మాడ్యూల్‌కి, అంటే తక్కువ దూరాల రకానికి, ఆర్‌ఎస్ అనే రకం ఎఫ్‌ఈసీ ఉండి తీరాలి. రెండు వైపులా అదే పెట్టాక లైటు వెలిగింది. 10జీ ఎస్‌ఆర్‌కి ఈ తలనొప్పి లేదు కాబట్టి అలవాటు మీద ఎవరూ అటువైపు చూడరు.

దూరం కూడా చూసుకోండి. నీలి ఆకుపచ్చ రంగులో ఉండే ఓఎం3 అనే రకం ఫైబర్ మీద 10జీ ఎస్‌ఆర్ 300 మీటర్లు పోతుంది. అదే ఫైబర్ మీద 25జీ ఎస్‌ఆర్ 70 మీటర్లకే పరిమితం. 150 మీటర్ల లైను ఏళ్లుగా నడుస్తోంది కదా అని రెండు వైపులా మాడ్యూల్స్ మాత్రం మార్చేస్తే చేతులు కాల్చుకున్నట్టే.

ఇక కోడింగ్. మాడ్యూల్ లోపల చిన్న మెమరీ చిప్ ఉంటుంది, కంపెనీ పేరు, రకం అందులో రాసి ఉంటాయి. కొన్ని స్విచ్‌లు ఆ పేరు చూసి, మనవాడు కాదంటూ పోర్టునే మూసేస్తాయి. మాడ్యూల్‌లో ఏ లోపమూ ఉండదు. కొనేటప్పుడే మీ స్విచ్ మోడల్ చెప్పి దానికి కోడ్ చేసింది అడగండి.

పెద్ద పోర్టుల గురించి ఒక్క ముక్క. 40జీ అంటే నాలుగు 10జీ దారులు, 100జీ అంటే సాధారణంగా నాలుగు 25జీ దారులు. అక్కడా కథ ఇదే, 100జీ పోర్టు చాలావరకు 40జీ మాడ్యూల్‌ని రానిస్తుంది, 40జీ పోర్టు 100జీ దాన్ని రానివ్వదు.

ఆఖరుగా ఇదిగో, 10జీ రాగి మాడ్యూల్, మామూలు లాన్ కేబుల్ గుచ్చుకునేది. గంట నుంచి నడుస్తోంది. మామూలు 10జీ పోర్టు ఒక మాడ్యూల్‌కి మహా అయితే ఒకటిన్నర వాట్ అని లెక్క వేసుకుంటుంది, ఈ రకానివి చాలావరకు 2 వాట్లు దాటేస్తాయి. పక్కపక్కన రెండు పెట్టమని మాత్రం నేను చెప్పను. తీసి చూపిద్దామనుకున్నా... అబ్బా! ఉండండి, కాస్త చల్లారనివ్వండి.